డబ్బు లెక్కలు నేర్చుకుంటే టెన్షన్ నిజంగా తగ్గుతుందా?

ప్రశ్న క్లుప్తంగా: నల్గొండ జిల్లా నుంచి వచ్చి హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్న 31 ఏళ్ల వ్యక్తి అడిగారు. చేతికి 46 వేలు వస్తుంది. రెండు క్రెడిట్ కార్డుల మీద కలిపి లక్షా 70 వేలు, ఒక పర్సనల్ లోన్, చెల్లెలి పెళ్లికి ఊళ్లో నోటు రాసి తెచ్చిన లక్షన్నర, రెండు లోన్ యాప్‌లలో 25 వేలు. మొత్తం అప్పు ఎంతంటే "నాలుగు లక్షలో ఆరు లక్షలో ఉండొచ్చు సార్" అన్నారు. బ్యాంకు మెసేజ్ వస్తే తెరవబుద్ధి కావడం లేదు. రాత్రి మూడింటికి మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టడం లేదు. భార్యకు సగమే తెలుసు. డబ్బు గురించి నేర్చుకుందామని వీడియోలు చూస్తే భయం ఇంకా పెరిగిందట. "ఫైనాన్షియల్ లిటరసీతో నిజంగా మనశ్శాంతి వస్తుందా, లేక ఇదంతా డబ్బున్నవాళ్ల కబుర్లా? దేనితో మొదలుపెట్టాలి? నెలకు 2 వేల సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలవారీ పెట్టుబడి) నడుస్తోంది, ఆపాలా?"

తగ్గుతుంది. అయితే మీరు చూస్తున్న వీడియోల్లో ఉన్నది మీకు ఇప్పుడు అవసరమైన చదువు కాదు. ఏ షేరు కొనాలి, ముప్పై ఏళ్లలో కోటి ఎలా చేయాలి అన్నవి అప్పుల్లో ఉన్నవాడికి చెబితే "నేను ఎంత వెనకబడిపోయానో" అన్న బెంగ తప్ప ఇంకేమీ మిగలదు. మీకు కావలసింది మూడు సంగతులు: నా అప్పు మొత్తం ఎంత, ఏ అప్పు నన్ను ఎక్కువ తింటోంది, అప్పు ఇచ్చినవాడు నన్ను ఏం చేయగలడు, ఏం చేయలేడు. ఈ మూడూ తెలిసిన రోజు అప్పు ఒక్క రూపాయి కూడా తగ్గదు. అయినా చాలామందికి ఆ రాత్రి కాస్త నిద్ర పడుతుంది. ఎందుకో కింద చెబుతాను.

నేను బ్యాంకులో ఎక్కువగా గ్రామీణ శాఖల్లో పనిచేసి, రిటైరయ్యాక ఆర్థిక అక్షరాస్యత కేంద్రంలో కౌన్సిలర్‌గా ఉన్నాను. డాక్టర్ని కాదు. కాబట్టి మనసు గురించి నేను చెప్పేది బల్లకు అవతల కూర్చున్నవాళ్లను చూసి తెలుసుకున్నంత వరకే.

ముందుగా ఒక మాట. మీకు లెక్కలు రాక ఇలా అయిందని మిమ్మల్ని మీరు తిట్టుకుంటున్నట్టు ప్రశ్నలోనే కనిపిస్తోంది. జాతీయ ఆర్థిక విద్యా కేంద్రం 2019లో చేసిన సర్వేలో మన దేశంలో పెద్దవాళ్లలో ఆర్థిక అక్షరాస్యత ఉన్నవాళ్లు 27 శాతమే అని తేలింది. అంటే మీరు మెజారిటీలోనే ఉన్నారు. ఇంకో సంగతి. తమిళనాడులో చెరకు రైతుల మీద చేసిన ఒక అధ్యయనం 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. కోతకు ముందు చేతిలో డబ్బు ఆడదు, కోత తర్వాత ఆడుతుంది. అదే రైతుకు ఈ రెండు సమయాల్లోనూ ఆలోచనా శక్తిని చూసే పరీక్షలు పెట్టారు. కోతకు ముందు ఫలితాలు తక్కువగా వచ్చాయి. మనిషి అతనే, చదువు అదే. డబ్బు ఇబ్బంది బుర్రలో కూర్చుని మిగతా ఆలోచనకు చోటు లేకుండా చేస్తుందన్నది ఆ పరిశోధకుల వాదన. నేను చూసినదీ అదే. ఆఫీసులో కోట్ల ప్రాజెక్టు బడ్జెట్ చూసే మనిషి కూడా సొంత కార్డు బిల్లు ముందు కూర్చుంటే ఒకటో తరగతి పిల్లాడిలా అయిపోతాడు. తెలియకపోవడం వల్ల అప్పు, అప్పు వల్ల భయం, భయం వల్ల ఇంకా చూడకపోవడం. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి. అన్నిటికంటే తేలిగ్గా తెగేది "చూడకపోవడం" దగ్గరే.

మొదటి పని: ఒక్క కాగితం.

యాప్ వద్దు, ఎక్సెల్ వద్దు. తెల్ల కాగితం మీద ఎవరికి ఇవ్వాలి, అసలు ఎంత మిగిలింది, వడ్డీ ఎంత, నెలకు ఎంత కడుతున్నాను, ఏ తారీఖున కట్టాలి, ఈ ఐదే రాయండి. మీరిచ్చిన అంకెలతో నేను వేసి చూశాను. కార్డులు లక్షా 70 వేలు. పర్సనల్ లోన్ 3 లక్షలు, 15 శాతం, మూడేళ్లు, ఈఎంఐ 10,400, ఇంకా 22 వాయిదాలు ఉన్నాయన్నారు, అంటే అసలు దాదాపు 2 లక్షలు మిగిలింది. యాప్‌లు 25 వేలు. ఊళ్లో అప్పు లక్షన్నర అని రాశారు గానీ, రెండు రూపాయల వడ్డీకి తెచ్చి 14 నెలలైంది, ఇంతవరకు ఏమీ కట్టలేదు. అంటే నెలకు 3 వేల చొప్పున 42 వేలు వడ్డీ పెరిగింది, అది మీ లెక్కలో లేదు. అంతా కలిపితే 5 లక్షల 87 వేలు.

మీ భయంలో అప్పు నాలుగుకూ ఆరుకూ మధ్య ఊగుతోంది. ఒక్కో రాత్రి ఎనిమిది కూడా అయి ఉంటుంది. ఇప్పుడు అది 5 లక్షల 87 వేలు, అంతకు మించి లేదు. పెద్ద మొత్తమే, కాదనను. కానీ 46 వేల జీతగాడికి ఇది మూడేళ్లలో దిగే బరువు.

మీ లెక్కలో లేనిది ఇంకేమైనా ఉందేమో చూడటానికి క్రెడిట్ రిపోర్టు, అంటే మీ పేరు మీదున్న లోన్లు, కార్డుల చిట్టా, తీయండి. సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్, ఈ నాలుగు సంస్థల్లో ప్రతిదీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. వాళ్ల సొంత వెబ్‌సైట్లలోనే తీసుకోండి. మన రిపోర్టు మనమే చూసుకుంటే స్కోరు తగ్గదు.

రెండో పని: అన్నిటినీ "రూపాయల వడ్డీ"లోకి మార్చండి.

ఇది నేను అందరికీ చెప్పే కిటుకు. బ్యాంకువాడు ఏడాదికి శాతం అంటాడు, కార్డువాడు నెలకు శాతం అంటాడు, బైకు ఫైనాన్స్‌వాడు ఫ్లాట్ రేటు అంటాడు, యాప్ వాడు ప్రాసెసింగ్ ఫీజు అంటాడు. నాలుగు భాషల్లో మాట్లాడితే ఎవరికైనా అయోమయమే. మన దగ్గర మాత్రం అమ్మమ్మల కాలం నుంచీ ఒకటే కొలత, నూటికి నెలకు ఎన్ని రూపాయలు. పావలా వడ్డీ పథకం వచ్చినప్పుడు అది ఏడాదికి 3 శాతమని పల్లెల్లో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు. డ్వాక్రా గ్రూపులో ఐదో తరగతి చదివిన లీడరమ్మ ఒకామె తన గ్రూపులో ఎవరికి ఎంత బాకీ ఉందో, వడ్డీతో సహా పుస్తకం చూడకుండా చెప్పేది. అదే వారం నా దగ్గరకు వచ్చిన ఒక సాఫ్ట్‌వేర్ జంటకు వాళ్ల కార్డు వడ్డీ ఎంతో తెలియదు. తెలివిలో తేడా కాదు. ఆమె కొలత ఒకటే, వీళ్లకు నాలుగు.

మీ అప్పులను ఈ కొలతలో పెడితే ఇలా వస్తుంది.

పర్సనల్ లోన్ 15 శాతం అంటే రూపాయి పావలా వడ్డీ. ఊళ్లోది రెండు రూపాయలు. కార్డుల మీద నెలకు మూడున్నర శాతం, దాని మీద 18 శాతం జీఎస్టీ, కలిపి నాలుగు రూపాయల పదమూడు పైసలు. యాప్ సంగతి చూడండి. 10 వేల లోన్ అన్నాడు, చేతికి ఇచ్చింది 8,800, నెల తిరిగేసరికి కట్టాల్సింది 10,400. అంటే 8,800 మీద 1,600, పద్దెనిమిది రూపాయల వడ్డీ.

మీరు దేనికి ఎక్కువ భయపడుతున్నారో మళ్లీ చదువుకోండి. ఊళ్లో పెద్దమనిషి మొహం ఎలా చూడాలి అని రాశారు, పర్సనల్ లోన్ ఈఎంఐ గురించి రాశారు. కార్డుల గురించి "మినిమం కడుతూ మేనేజ్ చేస్తున్నాను" అని ఒక్క ముక్కతో వదిలేశారు. నిజానికి ఇంటికి నిప్పు అక్కడే ఉంది.

మినిమం డ్యూ, అంటే ఆ నెలకు కనీసం కట్టాల్సిన మొత్తం, ఎలా పనిచేస్తుందో చూద్దాం. లక్షా 70 వేల మీద సుమారు 5 శాతం, అంటే 8,500 కడుతున్నారు. అందులో వడ్డీ, జీఎస్టీ కలిపి 7 వేల పైచిలుకు. అసలు తగ్గేది దాదాపు 1,500. బాకీ తగ్గేకొద్దీ మినిమం కూడా తగ్గుతుంది కాబట్టి కార్డు అసలు వాడకుండా ఐదేళ్లు ఇలాగే కట్టినా సగానికి పైగా బాకీ అలాగే ఉంటుంది. పైగా మీరు వాడుతూనే ఉన్నారు. పాత బాకీ పూర్తిగా కట్టకపోతే కొత్తగా కొన్నదానికి నలభై, యాభై రోజుల వడ్డీలేని గడువు ఉండదు. మొన్న కార్డు మీద తెచ్చిన బియ్యం బస్తాకు కూడా ఆ రోజు నుంచే వడ్డీ నడుస్తోంది. ఈ సంగతి చెప్పినప్పుడు కార్డు వాడే చాలామంది నా మొహం అనుమానంగా చూస్తారు. స్టేట్‌మెంట్ వెనక చిన్న అక్షరాల్లో ఉంటుంది, చూసుకోండి.

ఫ్లాట్ రేటు గురించి కూడా ఇక్కడే ఒక మాట, ఎందుకంటే ఎవరో ఒకరు మీకు అప్పులన్నీ కలిపి కొత్త లోన్ ఇస్తామని ఫోన్ చేస్తారు. "సార్, 12 శాతమే, రూపాయి వడ్డీ" అంటారు. లక్షకు మూడేళ్లకు ఫ్లాట్ 12 శాతమంటే వడ్డీ 36 వేలు. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా మొదటి రోజు అసలు మీదే వడ్డీ వేశాడు. తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది, అంటే రూపాయి ముప్పావలా. "రెడ్యూసింగా, ఫ్లాటా?" అన్న ఒక్క ప్రశ్న అడగండి. అవతలివాడి గొంతు మారుతుంది.

ఇప్పుడు తీర్చే వరుస.

లెక్క ప్రకారం ఎక్కువ వడ్డీది ముందు తీర్చాలి. మీ విషయంలో అదృష్టవశాత్తూ ఎక్కువ వడ్డీదీ, చిన్నదీ, ఎక్కువ ఫోన్లు వచ్చేదీ ఒకటే, యాప్‌లు. కాబట్టి ముందు అవే. ఒకవేళ లెక్క ఒకటి చెప్పి మనసు ఇంకొకటి చెబితే నేను చాలాసార్లు మనసు వైపే మొగ్గుతాను. ఒక చిన్న అప్పు పూర్తిగా తీరి ఆ ఫోన్లు ఆగిపోతే మనిషికి ఊపిరి ఆడుతుంది, మిగతావి తీర్చే ఓపిక వస్తుంది. దానికి నాలుగు వందలు ఎక్కువ వడ్డీ పోయినా పర్వాలేదు.

తర్వాత కార్డులు. ఇక్కడ మీ ఇంట్లో బంగారం సంగతి అడగక తప్పదు. మన ఇళ్లలో ఒక విచిత్రం ఉంది. బీరువాలో బంగారం ఉంటుంది, బయట నాలుగు రూపాయల వడ్డీ నడుస్తుంటుంది, రెండిటికీ ముఖపరిచయం ఉండదు. బ్యాంకులో బంగారం మీద లోన్ ఏడాదికి 10 శాతం అనుకున్నా నూటికి ఎనభై మూడు పైసలు. యాప్‌లు, కార్డులు కలిపి లక్షా 95 వేలు ఆ లోన్‌తో తీర్చేస్తే నెల వడ్డీ సుమారు 1,625. ఇప్పుడు కార్డులకు కడుతున్న 8,500నే ప్రతి నెలా అక్కడ కడుతూ పోతే రెండేళ్ల రెండు నెలల్లో బంగారం ఇంటికి వస్తుంది.

దీనికి మూడు షరతులు. ఒకటి, కార్డులు తీర్చిన రోజే ఒకటి మూసేయండి, రెండోదాని లిమిట్ 20 వేలకు తగ్గించమని రాయండి. లేకపోతే ఏడాదిలో బంగారం బ్యాంకులో, బాకీ కార్డులో, రెండూ ఉంటాయి. అలా జరగడం ఎన్నోసార్లు చూశాను. రెండు, బంగారం లోన్లు ఎక్కువగా ఏడాది గడువువి. మధ్యలో కట్టేది అసలులో తగ్గిస్తారా, వాయిదాల పద్ధతి ఉందా అని తీసుకునే ముందే అడగండి. గడువు దాటి నోటీసులు పట్టించుకోకపోతే వేలానికి పోతుంది. మూడో షరతు మీ భార్యకు సంబంధించినది. దాని సంగతి కింద విడిగా చెబుతాను.

బంగారం లేదనుకోండి. కార్డు కంపెనీకే ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐలుగా మార్చమనండి. వడ్డీ ఎంతో యాప్‌లోనే చూపిస్తుంది, సాధారణంగా కార్డు వడ్డీలో సగానికి అటూ ఇటూ ఉంటుంది. "సెటిల్‌మెంట్ చేసుకోండి, సగం కడితే చాలు" అని వాళ్లే ఆశ పెడితే మాత్రం ఆగండి. అలా చేస్తే క్రెడిట్ రిపోర్టులో "క్లోజ్డ్" బదులు "సెటిల్డ్" అని పడుతుంది. రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు ఆ ఒక్క మాట దగ్గర ఫైలు ఆగుతుంది. ఉద్యోగం పోయినవాళ్లకు, జబ్బున పడ్డవాళ్లకు అది దారే. మీకు జీతం వస్తోంది, ఇంకా ఆ అవసరం రాలేదు.

ఊళ్లో అప్పు రెండు రూపాయలే కదా అని వదిలేయకండి. ప్రామిసరీ నోటుకు చట్టప్రకారం మూడేళ్ల కాలపరిమితి. అందుకే మూడేళ్లు నిండే ముందు నోటు తిరగరాస్తారు, అప్పటిదాకా పెరిగిన వడ్డీని అసలులో కలిపి. మీ లక్షన్నర మూడేళ్లకు 2 లక్షల 58 వేలు అవుతుంది. దాని మీద మళ్లీ మూడేళ్లు నడిస్తే 4 లక్షల 43 వేలు దాటుతుంది. వడ్డీ ఎప్పటికప్పుడు కట్టి, కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించుకోండి. ఫోన్‌పేలో వేస్తే ఆ స్క్రీన్‌షాట్ దాచండి. మీ నాన్నగారు మొహమాటపడతారు, మీరు పడకండి.

మూడో పని: అవతలివాళ్లు ఏం చేయగలరో తెలుసుకోండి. రాత్రి మూడింటి భయాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి.

అప్పు కట్టలేకపోవడం దానికదే నేరం కాదు, దానికి జైలు లేదు. అది సివిల్ వ్యవహారం. కానీ మీరిచ్చిన చెక్కు డబ్బు లేక బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు పెట్టవచ్చు. ఖాతా నుంచి ఆటోమేటిక్‌గా కట్ అయ్యే ఈఎంఐ మ్యాండేట్ బౌన్స్ అయినా 2007 నాటి చెల్లింపుల చట్టంలో సెక్షన్ 25 అలాంటిదే ఉంది. కాబట్టి లీగల్ నోటీసు వస్తే చించి పడేయకుండా జవాబు ఇవ్వాలి. పక్కా పరిష్కారం ఇంకా తేలిక. మీ జీతం 5న పడుతుంటే, ఈఎంఐ తారీఖు 3న ఉంటే బ్యాంకుకు రాసి 7కు మార్పించుకోండి. రెండు రోజుల తేడాకు నెల నెలా బౌన్స్ చార్జీలు కట్టేవాళ్లు ఎంతమందో.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన, 2022 ఆగస్టులో దాన్ని మళ్లీ గట్టిగా చెప్పింది. బంధువులకు, ఆఫీసువాళ్లకు ఫోన్ చేసి పరువు తీయడం, బెదిరించడం నిషేధం. మీకు అలా జరిగితే తేదీ, టైము, నంబరు రాసి పెట్టుకుని ముందు ఆ బ్యాంకుకే లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (ఇలాంటి ఫిర్యాదులు చూసే అధికారికి) ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరు.

లోన్ యాప్‌ల సంగతి వేరే. 2020 చివర్లో హైదరాబాద్ చుట్టుపక్కల ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు, పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. ఆ తర్వాతే రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో డిజిటల్ అప్పులకు నిబంధనలు తెచ్చింది. యాప్ వెనక బ్యాంకో, నమోదైన ఎన్‌బీఎఫ్‌సీయో (బ్యాంకు కాని ఫైనాన్స్ సంస్థ) ఉండాలి. డబ్బు నేరుగా మీ ఖాతాలో పడాలి. ఏడాదికి మొత్తం ఖర్చు ఎంతో ముందే కాగితం మీద చెప్పాలి. మీ ఫోన్‌లోని కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదు. సంస్థలు తాము వాడుతున్న యాప్‌ల వివరాలు ఇస్తే రిజర్వు బ్యాంకు తన వెబ్‌సైట్లో ఆ జాబితా పెడుతోంది. మీ రెండు యాప్‌లు అందులో ఉన్నాయో లేదో చూడండి. ఉంటే మామూలు అప్పులాగే తీర్చి, బాకీ లేదని రాసిచ్చే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. లేకపోయినా, ఫొటోలు మార్చి పంపుతామని బెదిరిస్తున్నా 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఒక యాప్ కట్టడానికి ఇంకో యాప్‌లో తీసుకోవడం మాత్రం ఈ రోజుతో ఆపండి. మిగతా సలహాలన్నీ పక్కనపెట్టినా ఇది ఒక్కటి చేయండి.

మీ భార్యకు చెప్పడం.

ఇది డబ్బు సలహా కాదనుకుంటారు గానీ, నా అనుభవంలో నిద్ర పట్టకపోవడానికి అప్పు కంటే దాచడం పెద్ద కారణం. ఒక గవర్నమెంటు టీచరు గారు భార్యకు తెలియకుండా నాలుగేళ్లు కార్డుల మీద అప్పు నడిపారు. స్టేట్‌మెంట్లు స్కూలు అడ్రసుకు తెప్పించుకునేవారు. ఆమెకు మెసేజ్ కంటపడుతుందేమోనని స్నానానికి కూడా ఫోన్ తీసుకెళ్లేవారట. చివరికి నా ఎదురుగానే చెప్పారు. ఆమె ఏడ్చింది, తిట్టింది, పది నిమిషాలు ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఆమె అడిగిన మొదటి ప్రశ్న "నా గాజులు పెడితే ఎంత వస్తుంది?" అని. అందరి ఇళ్లలో ఇలాగే జరుగుతుందని నేను మాటివ్వలేను. కొన్ని ఇళ్లలో పుట్టింటివాళ్లు వస్తారు, పంచాయితీ అవుతుంది. అయినా చెప్పాల్సిందే, ఎందుకంటే ఇంటి ఖర్చు తగ్గించడం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు.

ఎలా చెప్పాలంటే, కాగితం పూర్తయ్యాక చెప్పండి. "మనకు చాలా అప్పులున్నాయి" అంటే ఆమెకూ మీ భయమే అంటుకుంటుంది. "5 లక్షల 87 వేలు, ఇదీ వరుస, మూడేళ్లు పడుతుంది, నెలకు ఇంత కావాలి" అని అంకెలతో చెబితే కోపం వచ్చినా మాట్లాడుకోవడానికి ఒక వస్తువు ఉంటుంది. బంగారం గురించి ఆ రోజే అడగకండి. నిర్ణయం ఆమెది, ఆమె నగ. ఆమె వద్దంటే ఈఎంఐ దారి ఉండనే ఉంది.

ఈ చదువు చేయలేని పనులు కూడా ఉన్నాయి.

నాకు తెలిసిన ఒక ఆటో డ్రైవరు రోజువారీ జమాఖర్చు పుస్తకం ఏ అకౌంటెంటుకూ తీసిపోకుండా రాసేవాడు. అయినా అప్పులే. తండ్రికి డయాలసిస్, ఆదాయం చాలదు. అతనికి బడ్జెట్ పాఠం చెప్పడం అవమానించడమే. అతనికి కావలసింది ఆరోగ్యశ్రీ ఏ ఆస్పత్రిలో నడుస్తుందో చెప్పే మనిషి. అది దొరికాక నెల ఖర్చు సగానికి పడింది. మీ నాన్నగారికి రేషన్ కార్డు ఉంటే తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల కార్డు సరిగ్గా ఉందో లేదో ఇప్పుడే చూసి పెట్టుకోండి, ఆస్పత్రి మెట్ల మీద కాదు.

ఇంకో రకంవాళ్లున్నారు, నేర్చుకోవడమే జబ్బుగా మారినవాళ్లు. రోజుకు పదిసార్లు ఖాతా తెరిచి చూడటం, మార్కెట్ రెండు వందల పాయింట్లు పడితే భోజనం మానేయడం. అక్షరాస్యత పెరిగి మనశ్శాంతి పోయిన కేసులు ఇవి. మీరు ఆ వైపు పోకుండా, వారంలో ఒక రోజు, ఆదివారం పొద్దున ఒక అరగంట డబ్బు పని పెట్టుకోండి. మిగతా రోజుల్లో డబ్బు ఆలోచన వస్తే ఒక చీటీ మీద రాసి ఆదివారానికి వాయిదా వేయండి. రాత్రి భోజనం తర్వాత బ్యాంకు యాప్ తెరవకండి. ఆ టైములో మీరు చేయగలిగిన పని ఏదీ ఉండదు, భయపడటం తప్ప.

ఇవన్నీ చేసి రెండు మూడు వారాలైనా నిద్ర రాకపోతే, ఆకలి లేకపోతే, ఏ పని మీదా మనసు పోకపోతే అది డబ్బు సమస్యను దాటిపోయింది. డాక్టరుకు చూపించుకోవాలి. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వ సేవ ఉంది, 14416, ఉచితం, ఏ సమయంలోనైనా చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. "నేను లేకపోతే ఇన్సూరెన్స్ డబ్బుతో అప్పులు తీరతాయి" లాంటి ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆదివారం దాకా ఆగకండి, కాగితం సంగతి తర్వాత, ముందు ఆ నంబరుకు ఫోన్ చేయండి, పక్కనున్న మనిషికి చెప్పండి. ఈ మాట మీ ప్రశ్నలో లేదు. అయినా అప్పుల్లో ఉన్న ప్రతివారికీ చెబుతాను.

ఇక సిప్ సంగతి. ఆపేయండి. నాలుగు రూపాయల వడ్డీ కడుతూ, ఏడాదికి 12 శాతం వస్తుందో రాదో తెలియనిదాంట్లో, అంటే బాగా వస్తే రూపాయి వడ్డీకి, డబ్బు పెట్టడం లెక్కకు నిలవదు. సిప్ ఆపితే జరిమానా ఉండదు. మీ బ్యాంకు ఖాతాలో డబ్బు లేక వాయిదా బౌన్స్ అయితేనే బ్యాంకు చార్జీ వేస్తుంది. ఇప్పటిదాకా పోగైనది 31 వేలన్నారు. అందులో 15 వేలు తీసి విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో పెట్టండి, ఏటీఎం కార్డు ఇంట్లో వదిలేయండి. బండి పాడైనా, పిల్లాడికి జ్వరం వచ్చినా కార్డు గీకకుండా ఉండటానికి అది. మిగతా 16 వేలు యాప్‌లకు కట్టండి. ఆగిన 2 వేలు కూడా అటే.

ఎల్‌ఐసీ పాలసీ ఉందన్నారు. తొందరపడి సరెండర్ చేయకండి, అంటే మధ్యలో మూసేసి డబ్బు తీసుకోకండి. దాని మీద లోన్ ఎంత వస్తుందో బ్రాంచిలో అడగండి, అది కూడా కార్డు వడ్డీ కంటే చాలా తక్కువ. ఇంటి మొత్తానికి మీ జీతమే ఆధారం కాబట్టి బ్యాంకులో ప్రధానమంత్రి జీవనజ్యోతి (జీవిత బీమా) 436 రూపాయలకు, సురక్ష బీమా (ప్రమాద బీమా) 20 రూపాయలకు ఉన్నాయో లేదో పాస్‌బుక్‌లో చూడండి. ఏడాదికి ఆ కాస్త కడితే ఒక్కోదానికి 2 లక్షల కవరు. చాలదు గానీ, ఇప్పుడున్న పరిస్థితిలో పెద్ద ఖర్చు లేకుండా దొరికేది అదే. అప్పులు సగం దిగాక సరైన టర్మ్ పాలసీ (పొదుపు లేని, కేవలం ప్రాణానికి బీమా) తీసుకోవచ్చు.

రెండు వివరాలు మీరు రాయలేదు. పర్సనల్ లోన్ వడ్డీ ఫిక్స్‌డా (చివరిదాకా మారనిదా), ఫ్లోటింగా (మధ్యలో మారేదా)? లోన్ అగ్రిమెంటులో ముందే తీర్చేస్తే చార్జీ ఎంత అని రాసి ఉంది? ఆఫీసు బోనస్ దసరాకు వస్తుందన్నారు కదా, అది ఈ లోన్‌కు వేయాలా, ఊళ్లో నోటుకు వేయాలా అన్నది ఆ చార్జీ మీద ఆధారపడి ఉంటుంది. నాకైతే ప్రస్తుతానికి ఊరి నోటే అనిపిస్తోంది. అగ్రిమెంటు చూసి ఆ రెండూ రాయండి, లెక్క వేసి చెబుతాను.